చిరువేళ్ల పని – బ్రతుకు తెరువు

నంద్యాలకు చేరువన, కుందూ నది పరీవాహక ప్రదేశంలో గోస్పాడు మండలం ఉన్నది. నల్లరేగడి నేల. 1863–70 సంవత్సరాల నడుమ మద్రాసు ఇరిగేషన్ కంపెనీ త్రవ్వించిన కర్నూలు–కడప కాలువ ఈ సీమకు నీటిని తెచ్చింది. ఆ కంపెనీకి అది గిట్టుబాటు కాకపోగా 1882లో ప్రభుత్వమే కాలువను తీసుకొన్నది. 1906లో నంద్యాలలో వ్యవసాయ పరిశోధన క్షేత్రం వెలసింది. ఆ క్షేత్రం పేరు చెప్పగానే రైతుకు మొదట తోచే పంటలలో ప్రత్తి ఒకటి. భూమి, నీరు, శాస్త్రం మూడూ ఒకచోట కలిసిన ఇట్టి ప్రాంతంలో, నిరాధారులైన పిల్లలకు బ్రతుకుతెరువు నేర్పడమెట్లా అనే ప్రశ్న తలయెత్తడమే వింతగా తోచవచ్చు. కాని ఇక్కడ ఆ ప్రశ్న పుట్టింది ప్రత్తిచేనిలోనే.

1970లో గుజరాతులోని సూరతు పరిశోధన కేంద్రంలో సి.టి. పటేల్ అనే శాస్త్రవేత్త హెచ్–4 అనే సంకర ప్రత్తిని రూపొందించాడు. వ్యాపారసరళిలో సాగుకు వచ్చిన సంకర ప్రత్తులలో ప్రపంచంలోనే అది మొదటిది. సంకర విత్తనానికి ఒక లక్షణం ఉన్నది. రైతు తన పంటలోని గింజను దాచి మరుసటి ఏడు విత్తితే మొదటి ఏటి బలం రాదు. కనుక ఏటేటా విత్తనాన్ని క్రొత్తగా పుట్టించవలసిందే. అట్లా పుట్టించే చేలు తెలుగు జిల్లాలలో కొన్నిచోట్ల విస్తరించాయి. వాటిలో నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతం ముఖ్యమైనది. జనం దీనిని ‘సీడు ప్రత్తి’ అంటారు. అందులో చేసే పనిని ‘క్రాసింగు’ అంటారు.

ఆ పని ఎట్టిదో తెలిస్తే గాని తక్కిన విషయం బోధపడదు. చేనిలో ఆడమొక్కల సాళ్లు వేరు, మగమొక్కల సాళ్లు వేరు. మరునాడు విచ్చుకోబోయే మొగ్గ ఏదో ఆడమొక్క మీద మధ్యాహ్నమే గుర్తుపట్టాలి. దాని రేకులను, లోపలి కేసరాలను గోటితో ఒలిచివేయాలి. నడుమనున్న కీలాగ్రానికి గీటైనా పడకూడదు. ఒలిచిన మొగ్గకు గుర్తు పెట్టాలి. మర్నాటి ఉదయం మగమొక్కల పూలు కోసుకొని వచ్చి, ఆ పుప్పొడిని ముందునాడు గుర్తుపెట్టిన ప్రతి పువ్వు కీలాగ్రం మీద రుద్దాలి. ఒక మగపువ్వు నాలుగైదు ఆడపూలకు సరిపోతుంది. ఒలవకుండా తప్పిపోయిన మొగ్గ ఉంటే అది తనంతట తానే ఫలించి విత్తనపు స్వచ్ఛతను చెరుస్తుంది. కనుక దానిని వెదకి త్రుంచివేయాలి. ఒక పూట కాదు, ఒక వారం కాదు. ఆగస్టు మొదలు రెండు మూడు నెలలపాటు ప్రతిదినమూ ఈ పనియే. యంత్రం చేయలేదు. ఒక్కొక్క పువ్వును ఒక్కొక్క చేయి తాకవలసిందే.

ఆ చేతులు చాలాకాలం పసిచేతులు, వానిలోనూ ఎక్కువగా ఆడపిల్లల చేతులు. వ్యవసాయ సంవత్సరం మొదట్లోనే తల్లిదండ్రులకు అడ్వాన్సు ముట్టేది. అప్పు తీరేదాకా పిల్ల చేనికి పోయేది. ఎందుకు పిల్లలనే పెడుతున్నారంటే ఒక సమాధానం సిద్ధంగా ఉండేది: పిల్లల వేళ్లు సన్ననివి, మొగ్గను నొప్పించవు, మొక్క ఎత్తు వారి ఎత్తుకు సరిపోతుంది. ఈ మాట వినడానికి మెత్తగా ఉన్నది గాని దీని వెనుకనున్నది కూలి లెక్క. పెద్దవారు ఆ పని చేయలేకపోవడం లేదు. వారు అడిగే కూలి వేరు. పైగా ప్రత్తి పురుగుమందులు ఎక్కువగా చల్లే పైరు. ఆ గాలిలోనే దినమంతా నిలబడి పని చేయాలి. పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు 2003లో వెలువరించిన నివేదిక ఈ చేలలోని బాలశ్రమను, దానికి విత్తన సంస్థలతో గల సంబంధాన్ని లోకానికి చాటింది. మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ వంటి సంస్థలు విత్తన కంపెనీలను ప్రశ్నించాయి. తరువాతి ఏండ్లలో పెద్ద కంపెనీలు కొన్ని, పిల్లలను పెట్టని రైతుకు అదనపు ధర, పెట్టిన రైతుకు శిక్ష అనే పద్ధతికి రాక తప్పలేదు.

ఈ సందర్భంలో ఒక వాదం అప్పుడప్పుడు వినవస్తుంది. బీదపిల్ల బడిలో ఏడేండ్లు కూర్చుని ఏమి బావుకొంటుంది? చేనిలో ఉంటే ఒక నేర్పు అబ్బుతుంది గదా! దీనిని కొట్టివేయడానికి ముందు కొంచెం ఆలోచించాలి. క్రాసింగులో నేర్పు లేదని ఎవరంటారు? మొగ్గ వయస్సు కంటితో కనిపెట్టడం, కేసరాలను కీలాగ్రం తాకకుండా ఒలవడం నిజంగా నేర్పే. కళాశాలలో వృక్షశాస్త్రం చదివే విద్యార్థి ప్రయోగశాలలో నాలుగు పూలు పాడుచేసుకొని గాని నేర్వలేని పనిని గోస్పాడు చేలలోని పన్నెండేండ్ల పిల్ల పూటలో నేరుస్తుంది. చిక్కంతా అక్కడే ఉన్నది. పూటలో నేర్చినదానికి మరి పదేండ్లలో చేరేది ఏమీ లేదు. పన్నెండవ ఏట ఎన్ని పూలు ఒలిచేదో ఇరువదిరెండవ ఏటా అన్నే ఒలుస్తుంది. ఏ పువ్వు పుప్పొడిని ఏ పువ్వుకు ఎందుకు పూస్తున్నదో ఆమెకు ఎవరూ చెప్పరు. ఆ రెండు వంశాల పేర్లు కంపెనీ వారివి; చేనిలో అవి ఆడసాలు, మగసాలు మాత్రమే. వేలు సన్నగా ఉన్నన్నాళ్లు ఆమె పనికి వస్తుంది. వయస్సుతోపాటు పెరగని నేర్పును జీవనవిద్య అనగలమా? ఏ వృత్తి శిక్షణనైనా అడగవలసిన మొదటి ప్రశ్న ఇది: దీనిని నేర్చిన బిడ్డకు ముప్పయ్యవ ఏట ఇది ఏమి పెడుతుంది?

మన భాషలో ‘బ్రతుకుతెరువు’ అనే మాట ఎంత అందమైనదో! తెరువు అంటే దారి. తెరువరి అంటే బాటసారి. జీవనోపాధిని మన పెద్దలు పొట్టకు పెట్టే కూడుగా కాక నడిచిపోయే బాటగా చూశారు. బాట అన్న తరువాత ఒక చోటినుండి మరొక చోటికి పోవాలి. నిలిచినచోటనే నిలబెట్టేది తెరువు కాదు.

వృత్తిని బడిలోనికి తేవాలనే ఆలోచన క్రొత్తది కాదు. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ సమక్షంలో విద్యావేత్తలు సమావేశమై, ఒక చేతిపనిని కేంద్రంగా పెట్టుకొని మాతృభాషలో ఏడేండ్ల విద్య నేర్పాలని తీర్మానించారు. జాకీర్ హుసేన్ అధ్యక్షుడుగా ఏర్పడిన సంఘం దానికి పాఠ్యప్రణాళిక వ్రాసింది. పిల్లలు చేసిన వస్తువుల అమ్మకంతో ఉపాధ్యాయుని జీతం గడవాలని గాంధీజీ ఆశించినప్పుడు, బడి కార్ఖానా అయిపోతుందేమోనని ఆనాడే కొందరు శంకించారు. శంక న్యాయమైనదే. నూలు వడకడం ద్వారా లెక్కలు నేర్పడం వేరు. లెక్కలు మాన్పించి నూలు వడికించడం వేరు.

రెండవ ప్రయోగం ఈ జిల్లాకు ఇంకా దగ్గరది. 1953 వేసవి సెలవుల తరువాత మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి రాజగోపాలాచారి గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో ఒక క్రొత్త పద్ధతి ప్రవేశపెట్టాడు. దినానికి మూడు గంటలు బడి. తక్కిన పూట పిల్లలు తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలి. అప్పటికి కర్నూలు జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నది. ఆ ఏడు అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రం ఏర్పడి కర్నూలు దానికి రాజధాని అయింది. రాజాజీ పథకం మీద తీవ్రమైన నిరసన రేగింది. కుమ్మరి కొడుకు కుమ్మరిగా, చాకలి కొడుకు చాకలిగా ఉండిపోవడానికి ప్రభుత్వం బడిని సగానికి సగం కోసిందని జనం అన్నారు. 1954లో ముఖ్యమంత్రి అయిన కామరాజ్ దానిని రద్దు చేశాడు. ఆ పథకంలో శ్రమ మీద గౌరవం లేకపోలేదు. కాని కూలివాని కొడుకు ఆ సగంపూట ఏమి నేర్వాలి? కూలియేనా? అసలు తండ్రి లేని పిల్లవాడు ఎవరి వృత్తి నేర్వాలి? వంశాన్ని నమ్ముకొన్న విద్యాపద్ధతిలో అనాథకు చోటు లేదు.

ఆళ్లగడ్డ సంగతి ఇక్కడనే చెప్పుకోవాలి. అహోబిల క్షేత్రానికి పోయే యాత్రికులు ఆళ్లగడ్డలో దారి ప్రక్కన శిల్పశాలలను చూస్తారు. సగం చెక్కిన నంది, ముఖం మాత్రమే తేరిన ఆంజనేయుడు, ఎవరో నాయకుని నిలువెత్తు విగ్రహం. ఆ శిల్పకళకు భౌగోళిక గుర్తింపు కూడ లభించింది. చూచేవానికి కనిపించేది ఉలి, సుత్తి. చూపుకు అందనిది లెక్క. శిల్పశాస్త్రంలో ప్రతిమను కొలిచేది బజారులో దొరికే కొలబద్ద కాదు. ప్రతిమ తన కొలతను తానే ఇస్తుంది. విష్ణువు వంటి ప్రధానదేవతకు ఉత్తమ దశతాళం చెప్పారు. అనగా విగ్రహం మొత్తం ఎత్తును 124 భాగాలు చేస్తే వచ్చే ఒక భాగం దేహాంగుళం. నవతాళానికి 108 భాగాలు. విగ్రహం ముప్పయ్యొక అంగుళాల ఎత్తు ఉండవలెనంటే దశతాళంలో దేహాంగుళం సరిగా పావు అంగుళం అవుతుంది. అదే మూడడుగుల విగ్రహమైతే? తరగతిలో ఇచ్చి చూడవలసిన లెక్క ఇది. ముప్పదియారును 124తో భాగించినప్పుడు వచ్చే చిక్కుభిన్నాన్ని రాతి మీద నిలబెట్టగలిగినవాడే శిల్పి. ముఖం, మెడ, వక్షం, నాభి, మోకాలు, ప్రతి అవయవమూ ఆ అంగుళాలలోనే లెక్క. ఒకచోట తప్పితే రాయి తిరిగి అతుకదు.

కాబట్టి ఈ విద్య పూటలో రాదు. తొలిరోజుల్లో రాయిని చదును చేయడం, ఉలికి పదును పెట్టించుకోవడం; పిమ్మట గీతలు, పీఠం మీది పద్మదళాలు; ఏండ్లు గడిచిన మీదట వేళ్లు, పెదవులు; అన్నిటికంటె చివర కన్నులు. పదునాలుగేండ్ల వాని చేయి కంటె నలువదేండ్ల వాని చేయి విలువైనది. ప్రత్తిచేనికి, శిల్పశాలకు భేదం ఈ ఒక్క వాక్యంలో ఉన్నది. రెండూ ఒకే తాలూకాల సీమలో, కొద్ది మైళ్ల దూరంలో ఉన్నాయి.

ఐతే శిల్పశాలను స్వర్గంగా వర్ణించడం కూడ న్యాయం కాదు. విద్యుత్తుతో తిరిగే కోతయంత్రాలు వచ్చిన తరువాత పని వేగం పెరిగింది, దుమ్మూ పెరిగింది. రాతిధూళి ఊపిరితిత్తులలో చేరితే వచ్చే సిలికోసిస్ వ్యాధికి నయమయ్యే మందు లేదు. ముక్కుకు కట్టుకొన్న తువాలు దానిని ఆపలేదు. నీరు చల్లుతూ కోయడం, సరియైన ముసుగు ధరించడం విద్యలో భాగమని ఉలి పట్టించే నాడే నేర్పాలి. రెండవది, ఈ విద్య తరతరాలుగా తండ్రినుండి కొడుకుకు వచ్చింది. కులవృత్తిలో గురువు ఇంటిలోనే ఉంటాడు, జీతం అడగడు, తప్పు చేసినా వెళ్లగొట్టడు. ఆ ఇంటిలో పుట్టని వానికి ద్వారం ఏది?

1960లో తిరుమల తిరుపతి దేవస్థానం తిరుపతిలో స్థాపించిన శ్రీవేంకటేశ్వర సంప్రదాయ శిల్ప సంస్థ ఆ ప్రశ్నకు ఒక సమాధానం. దేవాలయ వాస్తువు, శిలాశిల్పం, సుధాశిల్పం, లోహశిల్పం, దారుశిల్పం, వర్ణచిత్రం, కలంకారీ అక్కడ తరగతి గదిలో నేర్పే విద్యలు అయ్యాయి. చేరే విద్యార్థి పేరిట దేవస్థానం లక్ష రూపాయలు డిపాజిట్ చేసి, చదువు ముగిసినప్పుడు ఇచ్చే ఏర్పాటు కూడ చేసింది. పనిముట్లు లేని పనివాడు మళ్లీ కూలివాడే గదా! ఈ ఏర్పాటులోని వివేకం మెచ్చదగినది. ప్రవేశానికి ఉండవలసిన అర్హత పదవ తరగతి. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి.

ఇల్లు వదలిన పిల్లవాని స్థితి ఇంకా కష్టమైనది. నంద్యాల మీదుగా గుంతకల్లునుండి గుంటూరుకు రైలుమార్గం పోతుంది. గుంటూరు దాటితే బెజవాడ. దక్షిణానికీ ఉత్తరానికీ తూర్పుకూ పోయే బండ్లన్నీ కలిసే ఆ జంక్షనులో, ఇల్లు విడిచిన పిల్లలు దిగుతూనే ఉంటారు. సలేషియన్ సంస్థ 1989లో అక్కడ నవజీవన్ బాలభవన్‌ను నెలకొల్పింది. ప్లాట్‌ఫారం మీద పిల్లవానిని పలుకరించడం దాని మొదటి పని. వీలైతే ఇంటికి చేర్చడం, కాకపోతే ఆశ్రయం, చదువు, పని నేర్పడం తరువాతివి. వీధిలో బ్రతికిన పిల్లవాడు చేతకానివాడు కాడు. సీసాలు ఏరి, బోగీలు ఊడ్చి ఆనాటి తిండి ఆనాడే సంపాదించుకొన్నవాడు. సాయంత్రానికి చేతికి డబ్బు వచ్చే బ్రతుకుకు అలవాటు పడిన వానిని, రెండేండ్ల తరువాత జీతం వస్తుందని చెప్పి బల్లముందు కూర్చోబెట్టడం ఎంత కష్టమో ఊహించవచ్చు. అతనికి మొదట కావలసినది పని కాదు. రేపటి మీద నమ్మకం.

ఆ సలేషియన్ సంస్థకు మూలపురుషుడైన డాన్ బాస్కో ఇటలీలోని ట్యూరిన్ నగరంలో 1841నుండి ఇట్టి బాలుర మధ్యనే పనిచేశాడు. అతడు పిల్లలను పనివారి వద్ద చేర్చేటప్పుడు నోటిమాటతో విడిచిపెట్టలేదు. 1851, 1852 సంవత్సరాలలో వ్రాయించిన ఒప్పందపత్రాలు నేటికీ నిలిచి ఉన్నాయి. యజమాని పిల్లవానిని ఆ వృత్తికి సంబంధించిన పనికే వినియోగించాలి గాని ఇంటిచాకిరికి వాడరాదు. తప్పు చేస్తే మాటతో దిద్దాలి, కొట్టరాదు. పండుగనాడు సెలవు ఇవ్వాలి. నేర్పు పెరిగిన కొద్దీ జీతం పెరగాలి. నూట డెబ్బది ఏండ్ల క్రిందటి ఈ షరతులను మన ఊరి మోటారు షెడ్డులోనో టైలరు అంగడిలోనో పని నేర్చుకొంటున్న పిల్లవానికి వర్తింపజేసి చూడండి. టీ తేవడం, అంగడి ఊడ్వడం పోగా స్పానరు పట్టింది ఎన్ని గంటలో లెక్క తేలుతుంది.

మన చట్టంలోనూ ఈ ఆలోచన ఉన్నది. 1961నాటి అప్రెంటిస్ చట్టం పదునాలుగేండ్లు నిండిన వానికి ఒప్పందం, భృతి, గురువు ఉండాలన్నది. 1986నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి, పదునాలుగేండ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టరాదని, పద్దెనిమిది లోపు వారిని ప్రమాదకరమైన పనులలో పెట్టరాదని శాసించారు. ఐతే బడి వేళల తరువాత, సెలవులలో, ప్రమాదం లేని స్వకుటుంబపు పనిలో సహాయపడవచ్చుననే మినహాయింపును ఆ సవరణలోనే పెట్టారు. ఏ చేను స్వంత చేను, ఏ వేళ బడి తరువాతి వేళ అనేది ప్రత్తి పూచే నెలలలో తేల్చడం ఏ తనిఖీ అధికారికైనా కష్టమే. 2015నాటి బాలల న్యాయచట్టం మరొక మేలు చేసింది. ఆశ్రమాలలో పెరిగి పద్దెనిమిదేండ్లు నిండి వెలుపలికి వచ్చే యువకులకు ఆర్థికసహాయం, తదనంతర సంరక్షణ కల్పించాలన్నది. పద్దెనిమిదవ పుట్టినరోజున పిల్లవాడు మారిపోడు. గేటు మాత్రం మూసుకొంటుంది. ఆ గేటు వెలుపల అతని చేతిలో ఏ విద్య ఉన్నదనేదే అసలు పరీక్ష.

ఇట్టి పిల్లలకు శిక్షణ అనగానే నిర్వాహకులకు మూడే మూడు తోస్తాయి: కుట్టుపని, కొవ్వొత్తులు, అగరువత్తులు. కొవ్వొత్తులను కొనేవారు ఊరిలో ఎందరని అడిగేవారు ఉండరు. మూడు నెలలు, ఒక యోగ్యతాపత్రం, ఒక ఫోటో. కుట్టుపని తక్కువదని కాదు. కొలతలు తీసి, గుడ్డను లెక్కవేసి, కత్తిరించగల వానికి అది గొప్ప బ్రతుకుతెరువే. కత్తిరించిన ముక్కలకు అంచు కుట్టడం మాత్రమే నేర్పితే అది క్రాసింగుకు అన్న అవుతుంది. లెక్కించడం, గీయడం, చదివి అర్థం చేసికోవడం లేని చేతిపని ఏదైనా అంతే. అందువలననే 1991లో బాలశ్రమకు వ్యతిరేకంగా పని ఆరంభించిన వెంకటరంగయ్య ఫౌండేషన్ పిల్లలకు చిన్నవృత్తులు నేర్పే దారి పట్టలేదు. చరిత్రకారుడైన తాతగారి పేరిట నెలకొన్న ఆ సంస్థకు నాయకత్వం వహించిన శాంతా సిన్హా, బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్న సూత్రాన్ని పట్టుకొన్నది. పనినుండి వచ్చిన పెద్దపిల్లలను కొన్ని నెలలు శిబిరాలలో ఉంచి, వారి వయస్సుకు తగిన తరగతిలోనికి చేర్చే పద్ధతిని అనుసరించింది. 2003లో ఆమెకు రామన్ మెగసెసే బహుమానం లభించింది. మొదట బడి, పిదప వృత్తి అనే క్రమాన్ని ఇంత పట్టుదలగా నిలబెట్టినవారు తక్కువ.

ఐనా చేజారినవారు ఉంటారు. ఏడవ తరగతిలో చేనికి పోయిన పిల్ల పదునారవ ఏట తిరిగి చూచుకొంటే, తిరుపతి శిల్ప సంస్థ మొదలు ఎన్నో ద్వారాలు పదవ తరగతి దగ్గరే మూసికొని కనబడతాయి. ఆమెకు మిగిలిన దారి సార్వత్రిక పాఠశాల. 1991లో ఈ రాష్ట్రంలో ఆరంభమైన ఆ విధానంలో పదునాలుగేండ్లు నిండినవారు ఇంటివద్దనే చదువుకొని పదవ తరగతి పరీక్షకు కూర్చోవచ్చు. చందాలతో కుట్టుమిషను కొని ఇచ్చే దాతలు ఆ పరీక్ష రుసుమును కట్టడానికి కూడ ముందుకు వస్తే బాగుండును. ప్రవేశాల ప్రకటన సామాన్యంగా జూలై, ఆగస్టు ప్రాంతాలలో పత్రికలలో వస్తుంది. ఆ పిల్ల ఇంటికి పత్రిక రాదు. గోస్పాడు బడిలో హాజరుపట్టీ వ్రాసే ఉపాధ్యాయునికి ఆ యిల్లు ఏదో తెలుసు; ఆమె పేరు ఏ నెలలో పట్టీనుండి పోయిందో కూడ తెలుసు.